కాళ్ళవైపు వదిలిన జానెడు

ముందుగా ఒక మాట ఒప్పుకొని మొదలుపెడతాను. నాకు పెంచి చెప్పే జబ్బుంది. చేప జానెడుంటే నా నోట్లో మూరెడవుతుంది, మూరెడుంటే మొసలవుతుంది. కాబట్టి ఇందులో ఎక్కడ అంకె కనబడినా నాలుగుతో భాగించుకోండి, మనిషి ఎత్తు చెబితే ఒక అడుగు కోసేయండి. తుపాకుల మోత దగ్గర మాత్రం ఏమీ కోయనక్కరలేదు, ఆ రోజుల్లో మన ఈడువాళ్ళందరం విన్నదే. ఇక ఇందులో నేను నిజంగా కల్పించిన ముక్క ఒక్కటుంది. అదేమిటో చివర నేనే చెప్పేస్తాను, మీరు వెతుక్కోవద్దు.

ఈమధ్య మా అమ్మాయి కొత్త ఇంటికి కుర్చీలు కావాలంటే కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక దుకాణానికి వెళ్ళాం. విమానాలు దిగేంత పెద్ద దుకాణం. లోపల చలి ఎంతంటే, అమ్మేవాళ్ళ పళ్ళు టకటకలాడుతున్నాయి. అక్కడ ఒక మూల, దీపం కింద, ఒక కుర్చీ ఉంది. సన్నని కాళ్ళు, పడవ అంచులా వంగిన వీపు, కూర్చొనే చోట తాడు అల్లిక. దుకాణం కుర్రాడు దాన్ని ఇటూ అటూ తిప్పి, డెన్మార్క్ డిజైన్ అనీ, వెనకాల ఈ జానెడు మేర అల్లిక లేకుండా తాళ్ళు నిలువుగా వదిలింది అందం కోసమనీ చెప్పాడు. నేను నవ్వబోయాను, నవ్వు రాలేదు. కూర్చొని చూడమన్నది మా అమ్మాయి. "కూచోండి నాన్నా, చెయిరే కదా, కరవదు లా" అన్నది, ఇక్కడి పిల్లల యాసలో. నేను కూర్చోలేదు. ఆ జానెడు ఎందుకు వదిలారో ఈ భూమ్మీద నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు.

మాది మలయాలో బాగన్ దాతుక్ వైపు ఒక కొబ్బరి తోట. చెట్లు ఎన్నంటే, లెక్కపెట్టడానికి కూర్చొన్న గుమాస్తా పెన్షన్ పుచ్చుకొని వెళ్ళిపోయాడు కాని చెట్లు అయిపోలేదు. తోట డెన్మార్క్ దొరలది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ తోట ఆఫీసులో కిరాణీ, అంటే గుమాస్తా అయ్యాడు, మా నాన్నా అదే కుర్చీలో కూర్చొన్నాడు, ఇరవై రెండేళ్ళు నిండగానే నన్నూ అందులోనే కూలేశారు. మా అమ్మ తమ్ముడు ఆ తోటకి వడ్రంగి. బండి చక్రాలు, తలుపులు, కూలీలు కాపురముండే లైన్లలో మంచాలు, అన్నీ అతని చేతి మీదుగా పోవలసిందే. చిన్న మనిషి, పెద్ద నోరు. తాను చేసిన మంచం మీద ఏనుగును పడుకోబెట్టినా ఏనుగే విరుగుతుంది తప్ప మంచం విరగదనేవాడు. నా పెంచి చెప్పే జబ్బు మేనమామ పోలికేనని మా అమ్మ అనేది.

అప్పుడు ఎమర్జెన్సీ వచ్చింది, తెల్లవాళ్ళ సర్కారు మీద కమ్యూనిస్టులు అడవిలో చేరి తుపాకులు ఎత్తారు. యుద్ధం అని పేరు పెడితే తోటలకు బీమా రాదని ఎమర్జెన్సీ అన్నారని మా ఆఫీసులో గుసగుసగా చెప్పుకొనేవాళ్ళం. పేరు ఏదైతేనేం, చచ్చినవాళ్ళు చచ్చారు. లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. పాలడబ్బా కొంటే దుకాణంలోనే దానికి చిల్లు పెట్టి ఇచ్చేవారు, అడవిలోని వాళ్ళకు చేరవేసినా నిలవ ఉండకుండా. మా మేనత్త కూతురి దగ్గర బియ్యం మూట దొరికిందని పోలీసులు పట్టుకెళ్ళారు, పోలీసులకు కబురు చెప్పాడని కూలీల మేస్త్రీ కంగాణీని అడవివాళ్ళు చెట్టుకు కట్టి పొడిచారు. ఒకపక్క అడవి, ఒకపక్క సర్కారు, మధ్యలో రోకలి కింద వడ్లలా మనం. ఉదయం హాజరు పిలిచేటప్పుడు పేరు పిలిస్తే పలకని మనిషి ఉంటే అందరి గుండెలూ ఆగేవి. మా మావయ్య చేతికి చక్రాలూ తలుపులూ పోయి పెట్టెలు వచ్చాయి. మనుషులను పెట్టే పెట్టెలు. పలకలు చాలక, తోటలో అందరూ కూడే సాలలో నాటకాల స్టేజీ కూడా విప్పేశాడు.

మనవాళ్ళలో ఒక ఆచారం ఉంది, మీకు తెలిసిందే. ప్రాణం మంచం మీద పోకూడదు. పోయే మనిషిని నేలకు దించాలి, తల దక్షిణానికి పెట్టాలి, నోట్లో నీళ్ళు పొయ్యాలి. మంచం మీద పోతే అటు భూమీ కాక ఇటు ఆకాశమూ కాక వేలాడిపోతారంటారు. కూలీల పని చూసే మా తోట కండక్టరును వరండాలో వాలుకుర్చీలో కాల్చినప్పుడు, కాల్పులు ఇంకా ఆగకముందే మా మావయ్య పరిగెత్తుకొని వెళ్ళి ఆయన్ని చంకల కింద పట్టి నేలకు దించాడు. చెవి పక్కనుంచి తూటా పోయి చెవి అంచు కాస్త కోసుకుపోయింది. పాతిక తూటాలని నేను చెప్పేవాణ్ణి. ఆ రోజు రక్తం కారుతున్న చెవితో ఇంటికొచ్చి, అత్త ముందరే నా చెయ్యి పట్టుకొన్నాడు.

"ఒరే అల్లుడా, ఈ రోజుల్లో మనిసి ఎక్కడ పోతాడో తెల్దు. లారీలో పోతన్నారు, సైకిలు మీద పోతన్నారు. నాకు మాత్రం నేల దొరకాల. నన్ను దించాల్రా."

"నీకేటి తొందర, నోరు ముయ్యి" అన్నది అత్త. కాని నా కళ్ళలోకి చూసింది. నేను సరేనన్నాను. ఆ రోజు నుంచి మా మావయ్య బయటికి ఎక్కడికి వెళ్ళినా నన్ను పక్కన పెట్టుకొనేవాడు, కొందరు గొడుగు పెట్టుకొన్నట్టు.

ఇలాంటి రోజుల్లో ఊడిపడ్డాడు కుర్చీ దొర. మా మేనేజరు దొరకు తమ్ముడు. ఏడున్నర అడుగుల మనిషి, గడ్డం ఎర్రగా, చేతులు ఒక్కొక్కటీ తెడ్డంత. తన దేశంలో కుర్చీలు గీసి చేసేవాడట. వాళ్ళ నాన్న పడవలు కట్టేవాడు, కర్రను వంచడం అక్కడ నేర్చుకొన్నాడు. యుద్ధంలో జర్మన్లు వచ్చి కూర్చొన్నప్పుడు చలికి తట్టుకోలేక తన గురువు చేసిన కుర్చీలు ఒకటొకటే పొయ్యిలో పెట్టారట. ఒక్క కుర్చీని మాత్రం పొయ్యిలో పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదట. అలాంటిది ఒకటి చెయ్యాలని అప్పటినుంచి తిరుగుతున్నాడు. మనుషులు కాల్చుకొనే చోటికి కుర్చీ చెయ్యడానికి వచ్చినవాణ్ణి అంతకు ముందూ చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. తోటలో ఇంగ్లీషూ తెలుగూ రెండూ వచ్చినవాణ్ణి నేనే కాబట్టి ఆఫీసు పని మాన్పించి, అతనికీ మా మావయ్యకూ మధ్య దుబాసీగా పడేశారు.

వాళ్ళిద్దరి పని చూడాలంటే ఇనప టోపీ పెట్టుకొని చూడాలి. కుర్చీ దొర ఒక కుర్చీ చేసేవాడు, మేడ మీదికి తీసుకెళ్ళి కిందికి విసిరేవాడు. విరగకపోతే గొడ్డలి తెచ్చేవాడు, ఎక్కడ విరుగుతుందో చూడాలని. విరిగితే ఎందుకు విరిగిందని తన్నేవాడు. వెంట్రుకవాసి వంకర ఉన్నా సరే, చితుకులు చేసేవాడు. వందలాది కుర్చీలు చచ్చాయి. కాపలా ఉన్న స్పెషల్ కానిస్టేబుళ్ళు మొదటి రోజున తుపాకులు తీసుకొని పరిగెత్తుకొచ్చారు, దాడి జరిగిందనుకొని. మా మావయ్య ఊరుకొనే రకమా? ఉలి విసిరేవాడు. బాడిసె విసిరేవాడు. ఒకరోజు కుర్చీ కాలు ఎంత సన్నగా చెక్కాలన్నదాని మీద ఇద్దరూ కలబడి రంపపు పొట్టులో దొర్లారు. నేను మధ్యలో దూరితే ఇద్దరూ కలిసి నన్ను కొట్టారు.

"ఈ దొరకి సిగ్గు నేదు. ఇంత సన్నగా సెక్కితే అది కుర్చీ కాదు, పాడె. అందులో కూకుంటే నలుగురు మొయ్యాల, సెప్పు" అన్నాడు మావయ్య.

నలుగురు మోసేంత గౌరవంగా ఉందంటున్నాడని ఇంగ్లీషులో చెప్పాను. దొర పొంగిపోయి మావయ్యను కౌగిలించుకొన్నాడు. మావయ్య కాళ్ళు నేలకు మూరెడు ఎత్తున తన్నుకొంటున్నాయి. "నేను తిట్టింది వీడికి అర్దం కానేదేట్రా?" అని గాలిలోంచే అడిగాడు. అర్థమైందనీ, పశ్చాత్తాపపడుతున్నాడనీ చెప్పాను. దుబాసీ పని అంటే అదే కదా.

చట్రం కుదిరింది కాని కూర్చొనే చోటు కుదరలేదు. పలక వేశాడు, పగలగొట్టాడు. తోలు వేశాడు, మన ఎండకు బూజు పట్టింది. అలా ఒక మధ్యాహ్నం విసిగిపోయి లైన్ల వైపు వెళ్ళి, మా అత్త వాకిట్లో వేసిన నులక మంచం మీద పడి గుర్రుపెట్టాడు. లేచేసరికి చెంప మీద నులక అచ్చు పడింది. అద్దంలో ఆ అచ్చు చూసుకొని, పిచ్చెక్కినట్టు మంచాన్ని తలకిందులు చేసి కింద దూరాడు. అత్త బెదిరిపోయింది. పగటిపూట మంచం తిరగెయ్యడమంటే ఇంట్లో శవం లేచినట్టే కదా. చీపురు తీసుకొని దొరను రెండు వాయించింది. మేనేజరు దొర తమ్ముణ్ణి చీపురుతో కొట్టిన ఆడది మలయా మొత్తంలో మా అత్త ఒక్కతే.

కొబ్బరి పీచుతో మావయ్యే నులక పేని కుర్చీకి అల్లాడు. అక్కడ వచ్చింది అసలు రగడ. మంచానికి కాళ్ళవైపు జానెడు మేర అల్లకుండా వదిలి, అక్కడ బిగింపు తాడు వేస్తాం కదా, నులక సాగినప్పుడల్లా లాగి బిగించుకోవడానికి. మావయ్య కుర్చీకీ కాళ్ళవైపు వదలాలన్నాడు. కుర్చీకి కాళ్ళవైపు ఏమిటని దొర అడిగాడు. అంచునుంచి అంచుకు అల్లమన్నాడు.

"అలా అల్లితే మూడు నెల్లకి జోలి అయిపోతాది. దొర కూకుంటే దొర ఒకసోట, దొర ముడ్డి ఒకసోట ఉంటాది. సాగనిదేటుంది లోకంలో? సాగుతాది, బిగించుకోవాల. అంతే."

ఈ ముక్క నేను ఉన్నదున్నట్టు చెప్పాను, నా జీవితంలో మొదటిసారి.  దొర కుర్చీని తిప్పి, వీపు కింద జానెడు చూపించాడు. అక్కడ వదలమన్నాడు. అలా ఆ కుర్చీకి కాళ్ళవైపు వెనక్కి వచ్చింది. అల్లిక పూర్తయ్యాక దొర మేడ మీదికి తీసుకెళ్ళాడు. మేమంతా తప్పుకొన్నాం. పైన చాలాసేపు నిలబడి, మెల్లగా మెట్లు దిగి మళ్ళీ కిందికి తెచ్చాడు. విసరడానికి చెయ్యి రాలేదు. కూర్చోమని మావయ్యను అడిగాడు. మావయ్య కూర్చోలేదు. అల్లినవాడు తన అల్లిక మీద మొదట కూర్చోకూడదని మా ఇంటి పట్టింపు. దొర కూడా అయితే తానూ కూర్చోనన్నాడు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోకుండానే గోనెపట్టాలు చుట్టి, డెన్మార్క్ వెళ్ళే ఓడకు చేర్చడానికి లారీ ఎక్కించాం.

పొద్దున్న మంచి ఎండలో బయల్దేరాం. మలాయ్ డ్రైవరు, వెనకాల ఇద్దరు కానిస్టేబుళ్ళు, మధ్యలో కుర్చీని ఒళ్ళో పెళ్ళికూతుర్లా పట్టుకొని దొరా, మావయ్యా, పక్కన గొడుగులా నేను. కాలవ మలుపులో రోడ్డుకు అడ్డంగా కొబ్బరిచెట్టు పడి ఉంది. గాలికి పడిన చెట్టుకు వేళ్ళుంటాయి, దానికి గొడ్డలి నరుకు ఉంది. చూసి నోరు తెరిచేలోగా డ్రైవరు ముఖం అద్దంతో పాటు పగిలింది. వెయ్యి తుపాకులు. లారీ పక్కకు ఒరిగి కాలవలో పడింది. ఒక కానిస్టేబులు లేవనే లేదు. రెండోవాడు చక్రం చాటునుంచి కాలుస్తూ తల్లిని పిలుస్తున్నాడు. కాలవ నీళ్ళు ఎర్రగా తిరిగాయి. దొర తల ఇనపకమ్మీకి కొట్టుకొని స్పృహ తప్పాడు. నేనూ మావయ్యా అతన్ని చెరో చెయ్యీ పట్టి ఈడ్చాం. ఏడున్నర అడుగుల మనిషి, తడిస్తే పది అడుగులు. మావయ్య రెండో చేత్తో కుర్చీని వదల్లేదు. వదిలెయ్యమని నేను అరిస్తే, "అల్లింది నువ్వేట్రా?" అన్నాడు.

గట్టు మీద కొబ్బరి చిప్పలు ఆరబెట్టే పొగసాల ఉంది. అందులో దూరాం. నేలంతా పగిలిన చిప్పలు, కత్తుల్లా. గోనెపట్టాలు ఎక్కడో ఊడిపోయాయి. దొరను ఆ కుర్చీలోనే కూలేశాం. చొక్కా నిండా రక్తం, గడ్డంలోంచి రక్తం, కళ్ళు తేలవేశాడు. మావయ్య ఒక్కసారి చూశాడు.

"పోతన్నాడురా. దించు."

దొర కదా, హిందువు కాదు కదా అన్నాను. నేలకి కులమేటని కసిరాడు. కాలితో చిప్పలు తోసి, చంకల కింద పట్టాడు. నేను కాళ్ళు పట్టాను. దక్షిణం ఎటో తెలియక ఒక్క క్షణం తగువులాడుకొని, సముద్రం గాలిని బట్టి తేల్చుకొని, తల అటు పెట్టి పడుకోబెట్టాం. పడుకోబెట్టామో లేదో, గోడ పలకలు కూర్చొన్న మనిషి తల ఎత్తున వరసగా పేలిపోయాయి. కుర్చీ వీపుకు పైన, అర నిమిషం కిందట దొర తల ఉన్నచోట, వెలుతురు చారలు. నేను ఒక బోండం చిల్లు పొడిచి, గంగ లేదు తులసి లేదు, ఆ నీళ్ళే దొర నోట్లో పోశాను. దొర గొంతు పట్టి దగ్గి, లేచి, డేనిష్‌లో తిట్టాడు. చచ్చిపోయాడనుకొని పద్ధతి ప్రకారం సాగనంపితే బతికిన మనిషి ప్రపంచంలో అతనొక్కడే. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. తుపాకులు మోగుతుంటే కడుపు పట్టుకొని నవ్వాను. మావయ్యా నవ్వాడు. నవ్వుతూ వెనక్కి జరిగి, తాను అల్లిన కుర్చీలో తానే మొదట కూర్చొన్నాడు.

ఆ రక్తం దొరది కాదు. దొరకు తలమీద రేగుపండంత బొప్పి, అంతే. లారీలో మావయ్య అతన్ని ఒళ్ళోకి లాక్కొని పట్టుకొన్నాడు, ఆ రక్తమంతా మావయ్యది. తూటా ప్రక్కటెముకల కింద దిగింది. అప్పుడు మేము, నేనూ దొరా, అతన్ని దించాం. చంకల కింద దొర, కాళ్ళ దగ్గర నేను. తల దక్షిణానికి పెట్టాం. మిగిలిన బోండం నీళ్ళు పోస్తే గుటక వేశాడు. అత్తను చూసుకోమన్నాడు. బిగింపు తాడు వెనకాల కొంచెం వదులుగా ఉందని కూడా అన్నాడు. అతని వీపు నేలను తాకాకనే ప్రాణం పోయింది. సైనికుల బండి వచ్చేసరికి దొర ఆ కుర్చీని రోడ్డు మీద పెట్టుకొని, పక్కన నేల మీద కూర్చొని ఏడుస్తున్నాడు.

పోలీసు స్టేషను వాకిట్లో అత్త నన్ను అడిగిన మొదటి మాట, ఎలా పోయాడని కాదు. "దించినారా?" అన్నది.

"దించినామత్తా" అన్నాను.

దొర వైపు తిరిగి చేత్తో కిందికి చూపించి అడిగింది. వెంట్రుకవాసి తప్పును భరించలేని ఆ మనిషి ఆమె కళ్ళలోకి సూటిగా చూసి తలూపాడు. కుర్చీతో పాటు తన దేశం వెళ్ళిపోయాడు. ఆ తరువాత అతను చేసిన కుర్చీలలో వెనకాల ఆ జానెడు వదలనిది ఒక్కటీ లేదని మా మేనేజరు దొర చెప్పేవాడు.

మరుసటి ఏడాది మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. కౌలాలంపూర్ మైదానంలో మెర్డెకా అని ఏడుసార్లు అరిచారట. రేడియో విన్న నేను డెబ్బై సార్లని లైన్లలో చెప్పాను. అందరూ జెండాలు కట్టుకొంటుంటే అత్త వాకిట్లో నులక మంచం మీద కూర్చొని, మావయ్యను దించిన సంగతి ఇంకోసారి చెప్పమన్నది. చెప్పాను. ఆ తరువాత ప్రతి తద్దినానికీ అడిగేది, ప్రతిసారీ కాస్త పెంచేవాణ్ణి. ఒక ఏడు అత్త పేరు పిలిచాడన్నాను. ఒక ఏడు పొగసాల కప్పు మీద సన్నగా వాన పడిందన్నాను. ఆమె ముఖం తేటపడేది. నాకు ఈ జబ్బు మేనమామ పోలిక అని మా అమ్మ అన్నది తప్పు. నేను దాన్ని ఆ మంచం దగ్గర నేర్చుకొన్నాను.

పోయిన ఏడు అత్త పోయింది, తెలుక్ ఇంతాన్ ఆసుపత్రిలో, చక్రాల ఇనపమంచం మీద, ముక్కులో గొట్టాలతో. దించమని నర్సమ్మను బతిమాలాను. "నో లా అంకుల్, కన్నాట్" అన్నది జాలిగానే. ఇప్పుడు ఎవరినీ ఎవరూ దించరు. మనిషిని కాల్చేవాళ్ళూ పోయారు, దించేవాళ్ళూ పోయారు. మా పిల్లలకు కుర్చీ తెలుసు, సోఫా తెలుసు. దించడమంటే సామాను దించడమని తప్ప ఇంకో అర్థం తెలియదు. రేపు నా వంతు వచ్చినప్పుడు నేను ఆ మాట అన్నా, ఏమిటి నాన్నా అని ఇంగ్లీషులో అడుగుతారు.

సరే, మాట ఇచ్చాను కదా. దొర ఏడున్నర అడుగులు కాడు, కోసుకోండి. వెయ్యి తుపాకులు కావు, ఏ పదో. వందలాది కుర్చీలు కావు. వాటినన్నిటినీ భాగించుకోండి, కథ నిలబడుతుంది. నేను కల్పించింది ఒక్కటే. మేము మా మావయ్యను దించలేదు. నేను నవ్వుతూ ఉన్నాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకొని తిరిగి చూసేసరికి, అతను ఆ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. చెయ్యి వీపు వెనక్కి పోయి బిగింపు తాడు మీద ఉంది, వదులుందేమో చూస్తున్నట్టు. ఒక్క మాట అనలేదు. ప్రాణం పోయాక దించాం కాని, అది దించడం కాదు.

మా అమ్మాయి ఆ కుర్చీలే కొన్నది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నేను నేల మీద కూర్చొంటాను. మోకాళ్ళ నొప్పికి మంచిదని డాక్టరు చెప్పాడన్నాను. అయ్యో, అదీ కల్పించిందే. లెక్కలో కలుపుకోండి.